సిగ్నల్ ఫుల్, నెట్ నిల్: జాతర రోజున టవర్ లోపల ఏం జరుగుతుంది

మీరు అడిగింది ముందు ఒకసారి నా మాటల్లో చెప్పుకుంటాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో తెలుస్తుంది. మేడారం జాతరలో జంపన్న వాగు పక్కన కొబ్బరికాయ కొని యూపీఐలో డబ్బు కట్టబోతే పది నిమిషాలు చక్రం తిరుగుతూనే ఉంది, ఫోన్‌లో మాత్రం గీతలు నిండుగా కనిపించాయి. అంతమంది వస్తారని ముందే తెలిసినప్పుడు టవర్లు ఎందుకు పెంచరు? 5జీ వచ్చాక కూడా ఇదేం బాధ? మీ ఎం.టెక్ ప్రాజెక్టు కూడా వైర్‌లెస్ నెట్‌వర్కుల్లో వనరుల కేటాయింపు మీదే కాబట్టి, ఫీల్డ్‌లో ఆ కేటాయింపు నిజంగా ఎవరు చేస్తారు? చివరగా, ఫ్లైట్ మోడ్ వేసి తీస్తే నెట్ వస్తుందంటారు, అది నిజమేనా?

నేను ఆర్‌ఎఫ్ ఆప్టిమైజేషన్‌లో, అంటే టవర్ల రేడియో సిగ్నల్‌ను సరిదిద్దే పనిలో, పదిహేడేళ్లుగా ఉన్నాను. టెలికాం లైసెన్సుల లెక్కలో రెండు తెలుగు రాష్ట్రాలూ ఇప్పటికీ కలిసి ఒకటే ఆంధ్రప్రదేశ్ సర్కిల్. అందుకని శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, తిరుగుతూ సిగ్నల్ కొలిచే డ్రైవ్ టెస్ట్ కార్లో, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో, తిరగని రోడ్డు లేదు. జాతర డ్యూటీలు నాలుగు చేశాను. అందులో ఒకదాంట్లో నేను చేసిన పొరపాటు కూడా చెబుతాను. పాఠ్యపుస్తకం కంటే మీకు అదే ఎక్కువ పనికొస్తుంది.

గీతల సంగతి ముందు తేల్చేద్దాం. ఫోన్‌లో కనిపించే గీతలు టవర్ ఎంత గట్టిగా మాట్లాడుతోందో చెబుతాయి, అంతే. టవర్ తన ఉనికి చాటుకోవడానికి ఎప్పుడూ పంపుతూ ఉండే రిఫరెన్స్ సిగ్నల్ బలాన్ని ఫోన్ కొలిచి గీతలుగా చూపిస్తుంది. ఆ సెల్‌లో, అంటే టవర్ మీది ఒక యాంటెన్నా చూసుకునే ప్రాంతంలో, మీరొక్కరే ఉన్నా, వెయ్యిమంది ఉన్నా ఆ గీతలు మారవు. హోటల్ బోర్డు మైలు దూరం నుంచి వెలుగుతూ కనిపించొచ్చు, లోపల కూర్చోడానికి కుర్చీ ఉందో లేదో బోర్డు చెప్పదు కదా. ఇంకొక మెలిక కూడా ఉంది. టవర్ యాంటెన్నాకు సాధారణంగా ఇచ్చేది 40 వాట్లు. మీ ఫోన్ గరిష్ఠంగా పంపగలిగేది 23 డీబీఎం, అంటే 0.2 వాటు. రెండు వందల రెట్ల తేడా. టవర్ మాట మీకు చక్కగా వినిపిస్తుంది, మీ మాట టవర్‌కు చేరుతుందో లేదో గీతలకు తెలియదు.

ఇప్పుడు అసలు సరుకు దగ్గరికి వద్దాం. మా ఊరి చెరువు కింద నీరటి ఉండేవాడు. తూము ఎప్పుడు ఎత్తాలి, ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలి, అదంతా ఆయన చేతిలో. చెరువులో నీళ్లు ఎన్నున్నా కాలువ వెడల్పు ఇంతే, రోజుకు గంటలు ఇన్నే. 4జీ సెల్‌లో ఆ నీరటి పేరు షెడ్యూలర్. కాకపోతే ఈయన రోజుకు రెండుసార్లు కాదు, సెకనుకు వెయ్యిసార్లు వంతులు వేస్తాడు. ఉన్న స్పెక్ట్రమ్‌ను, అంటే కంపెనీకి దక్కిన రేడియో ఫ్రీక్వెన్సీల పట్టీని, 180 కిలోహెర్ట్జ్ ముక్కలుగా, కాలాన్ని ఒక్కో మిల్లీసెకను ముక్కగా కోసి, ఈ గళ్లలో ఏ గడి ఎవరిదో ప్రతి మిల్లీసెకనుకూ నిర్ణయిస్తాడు. ఆ గళ్లను మేం పీఆర్‌బీలు అంటాం. క్యారియర్, అంటే సెల్ వాడే ఫ్రీక్వెన్సీ పట్టీ, 10 మెగాహెర్ట్జ్ వెడల్పుదైతే ఒక మిల్లీసెకనులో 50 గళ్లు, 20 అయితే 100. ఆ మిల్లీసెకను దాటిపోయాక వాడని గడి పోయినట్టే. చెరువు నీళ్లు రేపటికి ఆగుతాయి, ఇవి ఆగవు.

నీరటికి అసలు తలనొప్పి చివరి మడి. కాలువ మొదట్లో ఉన్న మడికి గంటలో తడి అందితే, చివరి మడికి పూటంతా పడుతుంది, సగం నీళ్లు దారిలోనే ఇంకిపోతాయి. రేడియోలోనూ అంతే, లెక్క మాత్రం ఇంకా ఘోరం. ఫోన్ తనకు సిగ్నల్ ఎంత శుభ్రంగా అందుతోందో 1 నుంచి 15 వరకు ఒక అంకెతో టవర్‌కు చెబుతూ ఉంటుంది, దాన్ని సీక్యూఐ అంటాం. 15 అని చెప్పినవాడికి ఒక్కో రిసోర్స్ ఎలిమెంట్‌లో, అంటే గడి లోపలి అతి చిన్న అరలో, దాదాపు 5.55 బిట్లు ఎక్కించొచ్చు. 1 అని చెప్పినవాడికి 0.15 బిట్లే. ముప్పై ఆరు రెట్ల పైచిలుకు తేడా.

ఒక మెగాబైటు ఫొటో తీసుకుందాం, సుమారు 80 లక్షల బిట్లు. ఒక గడిలో మొత్తం 168 ఎలిమెంట్లు ఉంటాయి. కంట్రోల్‌కి, రిఫరెన్స్ సిగ్నల్‌కి పోయేవి తీసేస్తే డేటాకు 120 మిగులుతాయనుకోండి. టవర్ కింద నిలబడ్డవాడికి గడికి 666 బిట్లు, అంటే 12 వేల గళ్లు. 10 మెగాహెర్ట్జ్ సెల్ మొత్తం అతనికే ఇస్తే పావు సెకను లోపే పని ముగిసింది. మధ్యలో ఉన్నవాడికి, సీక్యూఐ 7 దగ్గర, 0.9 సెకను పడుతుంది. అంచున ఉన్నవాడికి గడికి 18 బిట్లే కాబట్టి నాలుగు లక్షల నలభై వేల గళ్లు కావాలి. దాదాపు తొమ్మిది సెకన్లు సెల్ మొత్తం అతనొక్కడి కోసం పనిచేయాలి. ఇది ఒకే స్ట్రీమ్‌తో వేసిన లెక్క, మైమో (ఎక్కువ యాంటెన్నాలతో ఒకేసారి ఎక్కువ స్ట్రీములు పంపే పద్ధతి) ఉంటే అంకెలు మారతాయి, నిష్పత్తి మాత్రం ఇంకా పెరుగుతుందే తప్ప తగ్గదు. జనం ఎక్కువైతే నెట్ స్లో అవుతుందని అందరూ అంటారు. ఎంతమంది ఉన్నారన్న దానికంటే ఎక్కడ ఉన్నారన్నది ఎక్కువ దెబ్బ కొడుతుందని నేను ఫీల్డ్‌లో నేర్చుకున్నాను.

అందుకే వంతులు వేసే పద్ధతి దగ్గర పేచీ మొదలవుతుంది. దగ్గరున్నవాళ్లకే ఇస్తే సెల్ మొత్తం త్రూపుట్, అంటే సెకనుకు మోసిన డేటా, అద్భుతంగా కనిపిస్తుంది. రిపోర్టులో మెచ్చుకుంటారు, చివరి మడి ఎండిపోతుంది. అందరికీ సమానంగా వంతులిస్తే న్యాయంగానే ఉంటుంది కానీ చాలా గళ్లు వృథా. నిజం నెట్‌వర్కుల్లో ఎక్కువగా నడిచేది ప్రపోర్షనల్ ఫెయిర్. 3జీ నాటి సీడీఎంఏ ఈవీ-డీఓ నెట్‌వర్కుల కాలంలో పేరు తెచ్చుకుంది, 4జీలో స్థిరపడింది. సూత్రం చూడ్డానికి చిన్నదే: ఈ క్షణంలో ఇతనికి వచ్చే వేగాన్ని, ఇప్పటిదాకా ఇతనికి అందిన సగటు వేగంతో భాగించు, ఎవరి భాగఫలం పెద్దదో వంతు వాళ్లది. దగ్గరున్నాయనకు ఇప్పుడు 20 మెగాబిట్లు వస్తాయి, సగటు 10 అందింది, ఫలితం 2. దూరమాయనకు ఇప్పుడు 1 మెగాబిట్టే వస్తుంది, కానీ సగటున 0.25 మాత్రమే దక్కింది, ఫలితం 4. వంతు దూరమాయనది. రేడియో సిగ్నల్ క్షణక్షణానికీ పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి, ప్రతివాడికీ తన సిగ్నల్ తనకు బాగున్న క్షణంలోనే వంతు వచ్చేలా ఈ భాగహారం చూసుకుంటుంది. నన్నడిగితే టెలికాంలో ఇంత చిన్న సూత్రం ఇంత పని చేసింది ఇంకోటి లేదు.

దీనికీ ఒక గుడ్డితనం ఉంది. మీరు పంపేది కొన్ని కిలోబైట్ల యూపీఐ పేమెంటా, పక్కవాడు చూసే రీలా అన్నది దీనికి తెలియదు. షెడ్యూలర్ చూసేది తరగతి. వాయిస్ కాల్‌కు ప్రత్యేక తరగతి ఉంది, వోల్టీ (4జీ మీద నడిచే కాల్) ప్యాకెట్ 20 మిల్లీసెకన్లకొకటి వస్తుంది, దానికి ముందు వంతు. మామూలు ఇంటర్నెట్ అంతా సాధారణంగా ఒకే డీఫాల్ట్ తరగతిలో పడుతుంది. మీ కొబ్బరికాయ డబ్బులూ, ఎవరిదో సినిమా ట్రైలరూ ఒకే క్యూ. పేమెంట్‌కు డేటా కొంచెమే కానీ, యాప్‌కూ సర్వర్‌కూ మధ్య నాలుగైదు సార్లు అటూ ఇటూ మాట నడవాలి. ఒక్కో మాటకు రెండు మూడు సెకన్లు ఆలస్యమైతే చివరికి టైమవుట్. రీల్ అయితే ముందే కొంత దాచుకుంటుంది, కాస్త ఆగి మళ్లీ నడుస్తుంది. వేగం తక్కువైతే వీడియోకు నొప్పి, ఆలస్యం ఎక్కువైతే పేమెంట్‌కు నొప్పి. జాతరలో వచ్చేది రెండో రకం.

పేమెంట్లను ముందు పంపొచ్చు కదా అని మీకు అనిపిస్తుంది, నాకూ అనిపించింది. కానీ ఒక యాప్‌ను ముందుకు, ఇంకో యాప్‌ను వెనక్కు నెట్టకూడదన్న నెట్ న్యూట్రాలిటీ నియమాలను 2018లో కేంద్రం ఆమోదించింది. సహేతుకమైన ట్రాఫిక్ నిర్వహణకు వాటిలో చోటుంది, కానీ ఏది సహేతుకం అన్నది సైట్ దగ్గర నిలబడ్డ ఇంజినీరు తేల్చే విషయం కాదు. నా మటుకు నాకు ఆ నియమం ఉండటమే మంచిది. ఈరోజు పేమెంట్‌ను ముందుకు నెట్టే మీట రేపు ఇంకెవరి చేతిలో ఉంటుందో.

ఇక నా పొరపాటు. సమ్మక్కను చిలకలగుట్ట నుంచి తీసుకొచ్చే సాయంత్రం. అమ్మవార్లను నిలిపే గద్దెల వైపు తిరిగిన సెల్ (మేం సెక్టర్ అంటాం) నా బాధ్యత. కంట్రోల్ రూమ్ నుంచి ఫోన్: ‘అన్నా, కంప్లెయింట్లు కుప్పలు పడుతున్నయ్, సెల్ నిండిపోయిందా?’ స్క్రీన్ చూశాను. డౌన్‌లింక్‌లో, అంటే టవర్ నుంచి ఫోన్లకు వెళ్లే దారిలో, పీఆర్‌బీ వినియోగం అరవై శాతం దగ్గరే ఉంది. నలభై శాతం గళ్లు ఖాళీ. ‘సెల్‌లో జాగా ఉంది, బ్యాంక్ సర్వర్ల వైపు చూడమను’ అని ధీమాగా చెప్పాను. దాంతో ఆగితే బాగుండేది. కనెక్టెడ్ యూజర్ల సంఖ్య ఎక్కువగా ఉందని, పని లేని ఫోన్లను త్వరగా వదిలించుకుందామని, ఇనాక్టివిటీ టైమర్‌ను పది సెకన్ల నుంచి మూడుకు తగ్గించాను. కాగితం మీద లక్షణమైన ఆలోచన. పదిహేను నిమిషాల్లో పరిస్థితి రెండింతలు పాడైంది.

ఎందుకంటే ఆ రోజు చాలనిది గళ్లు కాదు, తలుపు. ఫోన్ నిద్రలోంచి లేచి టవర్‌తో మాట మొదలుపెట్టాలంటే ముందు ఒక చిన్న కేక వేయాలి. ఆ కేకలు ఒక సెల్‌లో 64 రకాలే ఉంటాయి, వాటిలో ఒకదాన్ని ఫోన్ గుడ్డిగా ఎంచుకుంటుంది. ఇద్దరు ఒకే క్షణంలో ఒకే కేక వేస్తే ఇద్దరి మాటా పోతుంది, కాసేపాగి మళ్లీ వేయాలి. ఒకే అవకాశంలో పది ఫోన్లు కేక వేస్తే కనీసం ఒక ఢీ జరిగే సంభావ్యత సగానికి కాస్త ఎక్కువే, గదిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే అయ్యే అవకాశం ఎంతన్న లెక్క గుర్తుందిగా, అదే. నేను టైమర్ తగ్గించడంతో వాట్సాప్‌లో ఒక మెసేజ్ చూసి, నాలుగు సెకన్లు ఆగి, ఇంకో మెసేజ్ పంపే ప్రతి ఫోనూ రెండుసార్లు తలుపు తట్టాల్సి వచ్చింది. ఢీలు పెరిగాయి. ఢీకొన్నవాళ్లు మళ్లీ తట్టారు, ఈసారి ఇంకాస్త గట్టిగా.

ఆ గట్టిగా అన్నది ఇంకో కథ. ఫోన్ వైపు నుంచి టవర్‌కు వచ్చే దారిలో, అంటే అప్‌లింక్‌లో, ఎవరూ మాట్లాడనప్పుడు ఒక గడిలో ఉండే సహజమైన గోల మైనస్ 121 డీబీఎం. రిసీవర్ సొంత గోల కలిపితే మైనస్ 118 అనుకోండి. ఆ సాయంత్రం నాకు కనిపించింది మైనస్ 103. డీబీఎం లెక్కలో ప్రతి పది మెట్లకూ పది రెట్ల తేడా, అంటే గోల ముప్పై రెట్లు పెరిగింది. అమ్మవారు వస్తుంటే చేతులెత్తి వీడియో తీయనివాడెవరు, తీసింది ఇంటికి పంపనివాడెవరు? మామూలు రోజుల్లో జనం లాగేది ఎక్కువ, పంపేది తక్కువ. ఆ గంటలో తలకిందులు. పక్క సెక్టర్ల ఫోన్లు, ఎదుటి కౌ బండి కింద ఉన్న ఫోన్లు, అన్నీ అదే ఫ్రీక్వెన్సీలో అరుస్తున్నాయి. కౌ అంటే సెల్ ఆన్ వీల్స్, లారీ మీద తెచ్చి నిలబెట్టే తాత్కాలిక టవర్. పెళ్లి పందిట్లో డీజే పెట్టాక పక్కవాడితో మాట్లాడటానికి అందరూ గొంతు పెంచినట్టు, ప్రతి ఫోనూ తన పవర్ పెంచుకుంటుంది, దాంతో గోల పెరుగుతుంది, మళ్లీ పెంచుకుంటుంది, 23 డీబీఎం దగ్గర తల గోడకు తగిలేదాకా.

మూడోది, డౌన్‌లింక్ ఎందుకు ఖాళీగా కనిపించిందో చెప్పేది ఇదే. ఏ గడి ఎవరిదో ఫోన్లకు చెప్పడానికి ప్రతి మిల్లీసెకను మొదట్లో కొంత భాగం పక్కన పెడతారు. నీరటి ‘ఈ వంతు నీది’ అని కేకేసి చెప్పే చోటు అది. 10 మెగాహెర్ట్జ్ సెల్‌లో దాన్ని గరిష్ఠానికి పెంచినా నలభై చిల్లర సీసీఈలు, అంటే ఆ కబురు మోసే ముక్కలు, వస్తాయి. దగ్గరివాడికి ఒక సీసీఈతో చెబితే వినిపిస్తుంది. అంచువాడికి అదే మాట ఎనిమిది సీసీఈలలో చెబితే గానీ వినపడదు. అంటే అంచువాళ్లే అయితే మిల్లీసెకనుకు ఐదుగురికి మించి చెప్పలేం, అందులోనే అప్‌లింక్ వంతులూ చెప్పాలి. వేలమంది తలా చిటికెడు డేటా అడుగుతుంటే, ధాన్యం గిడ్డంగిలో ఉండగానే చీటీలు రాసే గుమస్తా చేతులెత్తేశాడన్నమాట. గళ్లు నలభై శాతం ఖాళీ, ఇవ్వడానికి చీటీ లేదు. ఆ అరవై శాతాన్ని చూసి నేను మోసపోయాను.

సర్దింది ఇలా. ముందుగా నా టైమర్‌ను పదికి తిరిగి తెచ్చి, తర్వాత పదిహేనుకు పెంచాను. వంతులు చెప్పే ఆ కంట్రోల్ భాగాన్ని గరిష్ఠమైన మూడు సింబల్స్‌కు (మిల్లీసెకనులోని చిన్న కాల ముక్కలు) స్థిరం చేశాను. అప్‌లింక్ పవర్ కంట్రోల్‌లో పీ-నాట్ అనే లక్ష్యాన్ని మూడు నాలుగు డీబీలు తగ్గించాను, అంటే అందర్నీ కాస్త గొంతు తగ్గించమన్నాను. ఇది చేసేటప్పుడు చెయ్యి వణికింది, అంచున ఉన్నవాళ్లు రాలిపోతారేమోనని. కానీ గోల దిగేసరికి వాళ్లకే ముందు ఊపిరాడింది. రాత్రి పదకొండుకల్లా తలుపు దగ్గర తోపులాట తగ్గింది. డౌన్‌లింక్ వినియోగం మాత్రం అరవై నుంచి ఎనభైకి పెరిగింది! ఆ పెరుగుదల చూసి సంతోషపడ్డ రాత్రి అదొక్కటే నా ఉద్యోగంలో. పొద్దున ప్రశాంతంగా చాయ్ తాగుతూ కంట్రోల్ రూమ్ తమ్ముడికి సారీ చెప్పాను. బ్యాంక్ సర్వర్ల పాపం ఏమీ లేదు.

టవర్లు పెంచొచ్చు కదా అన్న మీ ప్రశ్నకు జవాబు సగం ఈ గోలలోనే ఉంది. 4జీలో అన్ని సెల్‌లూ ఒకే ఫ్రీక్వెన్సీ వాడతాయి. జీఎస్‌ఎం, అంటే 2జీ, రోజుల్లో పక్క సెల్‌కు వేరే ఫ్రీక్వెన్సీ ఇచ్చేవాళ్లం, 200 కిలోహెర్ట్జ్ క్యారియర్‌లో ఎనిమిది టైమ్‌స్లాట్లు, రద్దీ పెరిగితే హాఫ్ రేట్ పెట్టి ఒక్కో స్లాట్‌లో ఇద్దర్ని కూర్చోబెట్టేవాళ్లం, గొంతు కాస్త డబ్బాలోంచి వచ్చినట్టుండేది. ఇప్పుడు ఆ విడివిడి ఫ్రీక్వెన్సీల సుఖం లేదు. ఊళ్లో అయితే మేడలు, చెట్లు రెండు సెల్‌ల మధ్య గోడల్లా నిలబడతాయి. జాతర మైదానంలో ఏముంది, తలలు తప్ప? మూడు వందల మీటర్లకొక కౌ బండి నిలబెట్టి అన్నీ పూర్తి పవర్‌తో వదిలితే, వరుసగా ఉన్న దుకాణాలన్నీ ఒకేసారి మైకు పెట్టినట్టు ఉంటుంది. గీతలు నిండా ఉంటాయి, సీక్యూఐ 3 దాటదు. మీకు కనిపించిన ఫుల్ సిగ్నల్‌లో కొంత భాగం ఇదే అయ్యుండొచ్చు. అందుకే బండ్లు పెంచేటప్పుడు యాంటెన్నా ఎత్తు తగ్గిస్తాం, కిందికి పది పన్నెండు డిగ్రీలు వంచుతాం, సన్నటి బీమ్ ఉన్న యాంటెన్నాలు పెడతాం, దూరంగా కొండ మీద ఉన్న పాత టవర్ నుంచి జాతరలోకి సిగ్నల్ రాకుండా దాని ముఖం తిప్పుతాం. మా పనిలో సిగ్నల్ ఇవ్వడం కంటే సిగ్నల్ ఆపడమే ఎక్కువ అంటే బయటివాళ్లు నమ్మరు. ఇక బండి నుంచి బయటికి ఫైబరో మైక్రోవేవో ఉండాలి, జనరేటర్‌కు డీజిల్ ఉండాలి, డీజిల్ తెచ్చే బండి ట్రాఫిక్‌లో ఇరుక్కోకూడదు. ఇవి మీ సమీకరణాల్లో రావు కానీ వనరులే.

మరి పవర్ పెంచితే? సమాచార సిద్ధాంతానికి ఆద్యుడైన షానన్ 1948లోనే దీనికి దారి మూసేశాడు. సిగ్నల్-గోల నిష్పత్తి 3 ఉన్నప్పుడు హెర్ట్జ్‌కు 2 బిట్లు, దాన్ని 4 చేయాలంటే నిష్పత్తి 15 కావాలి, అంటే ఐదు రెట్ల పవర్. అదే నాణ్యతతో బ్యాండ్‌విడ్త్ రెండింతలిస్తే చాలు, వేగం రెండింతలు. అందుకే కంపెనీలు స్పెక్ట్రమ్ కోసం అంత డబ్బు పోస్తాయి. 2022 వేలంలో అమ్మకానికి పెట్టిన 72,098 మెగాహెర్ట్జ్‌లో 51,236 అమ్ముడై, 1,50,173 కోట్ల రూపాయలు పలికింది. అందులో ఎక్కువ భాగం 26 గిగాహెర్ట్జ్‌లోది, ఆకు అడ్డం వచ్చినా తడబడే రకం. ఊరికంతటికీ పనికొచ్చే 700, 850, 900 మెగాహెర్ట్జ్‌లు ఎప్పుడూ కొంచెమే. దూరం పోయే నీళ్లు తక్కువ, ఎక్కువున్న నీళ్లు దూరం పోవు.

5జీ మాటకొస్తే, 3.3 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 100 మెగాహెర్ట్జ్ వెడల్పు, ఒక్కో ఫోన్ వైపు విడిగా బీమ్ తిప్పే యాంటెన్నాలు నిజంగానే పెద్ద ఊరట. కానీ జాతరకు వచ్చేవాళ్ల చేతుల్లో 4జీ ఫోన్లు ఇంకా చాలా ఉన్నాయి. పైగా కొన్ని నెట్‌వర్కుల్లో 5జీ అనేది 4జీ భుజం పట్టుకుని నడిచే ఎన్‌ఎస్‌ఏ పద్ధతి. తలుపు తట్టడం 4జీలోనే జరగాలి, తలుపు దగ్గర తోపులాట ఉంటే లోపల ఎన్ని గదులుంటే ఏం? బ్యాండ్ల మధ్య జనాన్ని సర్దడం కూడా మా చేతిలోని పనే. ఫోన్‌ను వదిలేస్తే ఎక్కడ సిగ్నల్ బలంగా ఉంటే అక్కడికే, అంటే 850 మెగాహెర్ట్జ్‌లోకే పరిగెడుతుంది. టవర్ దగ్గరివాళ్లను 2300కు, మధ్యవాళ్లను 1800కు తరిమి, కింది బ్యాండును అంచువాళ్లకూ కాల్స్‌కూ మిగల్చాలి. ఆ ప్రాధాన్యాల టేబుల్ రాయడానికి నేను వెచ్చించే సమయం మిగతా అన్నిటికంటే ఎక్కువ.

మీ ప్రాజెక్టుకు రెండు మాటలు, అడిగారు కాబట్టి. నేను చూసిన విద్యార్థుల సిమ్యులేషన్లలో ప్రతి ఫోన్ దగ్గరా పంపడానికి ఎప్పుడూ అంతులేని డేటా ఉంటుంది, ఛానల్ స్థితి టవర్‌కు తక్షణం, తప్పులేకుండా తెలుస్తుంది, చీటీ రాసే ఖర్చు సున్నా. ఆ మూడూ పెట్టుకుంటే ఏ కొత్త అల్గారిథమైనా ప్రపోర్షనల్ ఫెయిర్‌ను పదిహేను శాతంతో ఓడిస్తుంది, ఫీల్డ్‌లో ఆ పదిహేనూ ఆవిరైపోతుంది. మీరు మూడిట్లో ఒక్కటైనా విరగ్గొట్టండి. నన్నడిగితే కంట్రోల్ ఛానల్ ఖర్చును తీసుకోండి: యూజర్‌కు 1, 2, 4, 8 సీసీఈలు అనే షరతు పెట్టి, చిన్న చిన్న ప్యాకెట్లతో వేలమందిని పెట్టి చూడండి. కొలత కూడా మార్చండి. సగటు త్రూపుట్ కాదు, అట్టడుగు ఐదు శాతం వాళ్లకు ఎంత అందింది, రెండు సెకన్లలోపు ఎన్ని చిన్న లావాదేవీలు పూర్తయ్యాయి అన్నది చూడండి. న్యాయానికి కొలతగా రాజ్ జైన్ బృందం 1984లో ఇచ్చిన సూచిక వాడతారు, మంచిదే. కానీ అందరికీ సమానంగా చిటికెడే అందినా అది పక్కాగా 1 చూపిస్తుందని మరిచిపోవద్దు. ఇంకా వీలైతే శక్తిని లెక్కలోకి తెండి. రాత్రి ఒంటిగంట తర్వాత పై క్యారియర్లను నిద్రపుచ్చి తెల్లారేసరికి లేపడం ఇప్పుడు మేం రోజూ చేస్తున్న పని. ఎప్పుడు నిద్రపుచ్చాలన్నదాని మీద మంచి పని జరగాల్సింది ఇంకా చాలా ఉంది.

ఫ్లైట్ మోడ్ సంగతి మిగిలింది. అది కొన్నిసార్లు పనిచేస్తుంది, అబద్ధం కాదు. ఫోన్ మొండిగా ఒక నిండిపోయిన బ్యాండును పట్టుకుని కూర్చుంటే, వేసి తీసినప్పుడు మళ్లీ మొదటి నుంచి వెతుక్కుని ఖాళీగా ఉన్న దాంట్లో పడొచ్చు. కానీ అలా వేసి తీసిన ప్రతిసారీ ఫోన్ కొత్తగా తలుపు తట్టి, నెట్‌వర్క్‌లో పేరు నమోదు చేయించుకుని, సిమ్ గుర్తింపు పరీక్షలన్నీ మళ్లీ దాటుకుని రావాలి. మామూలు మెసేజ్‌కయ్యే సిగ్నలింగ్ కంటే ఇది చాలా ఎక్కువ. ఇరవై వేలమంది ఒకే మైదానంలో అదే చిట్కా వాడితే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. ఆ సాయంత్రం స్క్రీన్ మీద అటాచ్ రిక్వెస్టుల (కొత్తగా పేరు నమోదు కోరే ఫోన్ల) గీత నిలువుగా లేవడం చూసి, ‘ఆ ఫ్లైట్ మోడ్ చిట్కా కనిపెట్టినోణ్ని పట్టుకురండి’ అని అరిచాను. మరుసటి రోజు డ్యూటీ దిగి, గద్దెల దగ్గర బెల్లం కొని ఫోన్ తీశాను. చక్రం తిరుగుతోంది. కొట్టాయన చూస్తున్నాడు, వెనక క్యూ ఉంది. అటూ ఇటూ చూసి, నేనూ ఫ్లైట్ మోడ్ వేసి తీశాను.